నూకరత్నం గొంతులో కావలి

నేను ఒక మాస్ట్ కణాన్ని. పేరు విని ఎవరో దొరననుకునేరు! నూకరత్నం గొంతులో, లోపలి పొర కింద కాపురముండే కావలివాణ్ణి. పుట్టింది ఆమె ఎముక మజ్జలో. పసితనంలోనే నెత్తురు నన్ను మోసుకొచ్చి ఇక్కడ దించేసి తన దారిన పోయింది. సరంజామా అంతా ఇక్కడే కూర్చుకున్నాను. నా ఒంటినిండా చిన్నచిన్న సంచులే. వాటిలో హిస్టమిన్ ఉంటుంది. రక్తనాళాల గోడలు వదులుచేసి, సాయం వచ్చేవాళ్లకు దారి ఇస్తుంది. ట్రిప్టేజ్, కైమేజ్ అనే ప్రోటీన్లుంటాయి. అవి పరాయి విషాన్ని కత్తెరల్లా తెగ్గోస్తాయి.

నూకరత్నానికి చిన్నప్పుడు కడుపులో పురుగులు చేరితే, వాటిని తరమడానికి మావాళ్లు నడుం కట్టారు. తేలు కుడితే చేతిలోని మావాళ్లు ఆ విషంతో పోరాడారు. ఒక్కరైనా మెచ్చుకున్నారా? కొబ్బరికాయ మాత్రం మంత్రం వేసినవాడికి ముట్టింది.

పెళ్లయ్యాక ఆమె ఉప్పాడ దగ్గర రొయ్యల షెడ్డులో చేరింది. పొద్దస్తమానం ఐసునీళ్లలో చేతులు పెట్టి రొయ్యల పొట్టు వలిచేది. వేళ్ల సందులు ఒరిసి, పగిలాయి. ఆ పగుళ్లలోంచి రొయ్య ప్రోటీను లోపలికి దూరింది. దానికీ కడుపులో పురుగుల ప్రోటీనుకూ పోలికలున్నాయి. ఎవరు శత్రువో తేల్చే మా పెద్ద కణాలు దాన్ని శత్రువు కిందే జమకట్టాయి. ఐజీఈ అనే ప్రతిదేహాలు తయారై, నెత్తురులో ఊరేగి వచ్చి నా ఒంటిమీద ఎక్కి కూర్చున్నాయి. రొయ్య కనబడితే సంచులు విప్పెయ్యమని హుకుం. ఎదురు ప్రశ్నలేసే బుద్ధి నాకెక్కడిది?

ఆమె చేతులకు దద్దుర్లు లేచాయి. వంటింట్లో రొయ్యలు ఉడికితే పెదవులు వాచేవి. అత్త పోలమ్మ జీవితమంతా ఎండురొయ్యలు అమ్మిన మనిషి. కోడలంటే ప్రాణం. రొయ్య పడని ఒళ్లు ఉంటుందంటే ఆమె నమ్మలేకపోయింది. ఒళ్లు రొయ్యకు కొత్త గనకే తిరగబడుతోందనీ, బాగా తింటే లొంగుతుందనీ తేల్చేసింది. ఒక ఆదివారం ఇగురు వండి, అన్నంలో కలిపి, తన చేత్తోనే ముద్ద పెట్టింది.

"ముల్లుని ముల్లుతోనే తియ్యాలే. కళ్లు మూసుకుని మింగెయ్," అంది.

అత్త మాట కాదనలేక నూకరత్నం మింగింది.

ఇక చెప్పడానికి నాకే భయమేస్తోంది. ముద్ద నన్ను దాటుతుండగానే ప్రతిదేహాలు రొయ్యను పట్టుకున్నాయి. సంచులన్నీ విప్పేశాను. నా పక్కవాడూ విప్పాడు, ఒళ్లంతా మావాళ్లు విప్పారు. గొంతు వాచి దారి మూసుకుపోయింది, నెత్తురు పోటు పడిపోయింది. శత్రువును తరుముతున్నాననే అనుకున్నాను. తీరా చూస్తే నేను పిసుకుతున్నది నా నూకరత్నం గొంతునే. ఆపడం నాకు తెలియదు.

పోలమ్మ ఆమెను ఆటోలో వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తింది. డాక్టరమ్మ ఆమె తొడకు ఎడ్రినలిన్ సూది పొడిచింది. కాసేపటికి గాలి ఆడింది. రొయ్య తినడమే కాదు, ముట్టుకోనూ కూడదనీ, మరోసారి ఇలా అయితే బతకడం కష్టమనీ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. షెడ్డు పని పోయింది.

"నా చేత్తోనే పెట్టానమ్మా," అని పోలమ్మ గోడకు ఆనుకుని ఏడ్చింది. నాకు నోరుంటే నేనూ అదే మాట అందును.

ఇప్పుడు పోలమ్మ ఎండురొయ్యలు అమ్మి బజారు నుంచి వచ్చాక పెరట్లో సబ్బుతో స్నానం చేసి గానీ గడప తొక్కదు. అయినా గోళ్లలో వాసన పోదు. నిన్న నూకరత్నం నీరసంగా పడుకుని ఉంటే, బుగ్గ నిమరబోయి చెయ్యి చాచింది. సగందాకా వచ్చిన చేతిని వెనక్కి లాక్కుని కొంగులో చుట్టేసుకుంది.

ఆమెకు చెయ్యి వెనక్కి తీసుకోవడం తెలిసింది. నాకు తెలియదు. సంచులు మళ్లీ నిండాయి.