అబ్బులు పేల్చిన ఒక్క తూటా

తుపాకుల మోత ఆగింది. అబ్బులు కందకంలోంచి తలెత్తి గురి బోర్డు వెనకవైపు చూశాడు. కాగితానికి పడిన చిల్లుల్లోంచి మబ్బు వెలుతురు చుక్కలు చుక్కలుగా కనబడుతోంది. పొడుగాటి కర్ర పైకెత్తి ఒక్కొక్క చిల్లునీ చూపించాడు. అవతల, మైదానం చివర, తుపాకులు పేల్చిన కాలేజీ పిల్లలు కేక వేశారు. అప్పుడు తాడు లాగి బోర్డును కిందికి దించి, డబ్బాలోని మైదా లై వేలితో తీసి, చించి పెట్టుకున్న కాగితం ముక్కల్ని చిల్లుల మీద అతికించాడు. అరచేత్తో రుద్ది మళ్ళీ బోర్డు పైకి లేపాడు.

ఇదీ అబ్బులు ఉద్యోగం. భీమిలి రోడ్డు పక్కన కొండవార ఫైరింగ్ రేంజ్‌లో, తూటాలు నెత్తి మీంచి పోతుంటే మట్టికట్ట చాటున కూర్చుని, ఎవరి గురి ఎక్కడ తగిలిందో వాళ్ళకి చూపించి, ఆ చిల్లు పూడ్చడం. నిజానికి వచ్చింది హోంగార్డు ఉద్యోగానికి. పడుచువాడుగా ఉన్నప్పుడు సెలక్షన్లో ఛాతీ చాల్లేదన్నారు. మొహం వేలాడేసుకుని పోతుంటే, ఒక హవల్దారు ‘ఊరికే నిలబడే బదులు ఆ లై బకెట్టు అందుకోరా’ అన్నాడు. అందుకున్నాడు. అంతే, జుట్టు నెరిసేదాకా దాన్ని కింద పెట్టలేదు మహానుభావుడు.

ఇవాళ్టితో అదీ అయిపోయింది. సోమవారం నుంచి కరెంటు బోర్డులు వస్తున్నాయి. తూటా తగిలితే, కాల్చినవాడి పక్కనే టీవీలో కనబడుతుందట. కర్ర అక్కర్లేదు, లై అక్కర్లేదు, అబ్బులు అసలే అక్కర్లేదు.

దానికి అతను పెద్దగా బాధపడలేదు గానీ, ఒక కోరిక మాత్రం లోపల గుచ్చుతూనే ఉంది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ తుపాకీ ముట్టుకోలేదు. తను పేల్చిన తూటా ఎక్కడ తగులుతుందో ఒక్కసారి తెలుసుకుంటే చాలు. ఆ మాట పోయిన వారం భయం భయంగా శ్రీరామ్మూర్తి సార్ చెవిన వేశాడు. ఆయన కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్, ఎన్‌సీసీ ఆఫీసరు. ఏటా పిల్లల్ని కాల్పులకి తీసుకొస్తాడు. పైవాళ్ళని అడిగి, ఒక్క రౌండు, అంటే ఒక్క తూటా పేల్చడానికి ఒప్పించాడు.

పొద్దున్న భార్య కామేశ్వరి టిఫిన్ క్యారేజీ చేతికిస్తూ నవ్వింది. "అందరికీ సూపింతావు గదా, నీది ఎక్కడ తగిలిందో సరిగ్గా సూసొచ్చి నాకు సెప్పు."

మధ్యాహ్నం పిల్లలు అన్నాలు తింటుండగా సార్ ప్రతి ఏడూ చెప్పే మాటే మళ్ళీ చెప్పాడు. టార్గెట్ అంటే ఇప్పుడు మనం గురిపెట్టేది, అందుకోవాల్సింది. పాతకాలంలో మాత్రం చేత పట్టుకునే చిన్న డాలుని అలా పిలిచేవారట. ఆ మాట ఫ్రెంచి వాళ్ళ దగ్గర్నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. తర్వాత్తర్వాత డాలు లాంటి గుండ్రటి దాన్ని నిలబెట్టి బాణాలు వేయడం నేర్చుకున్నారు. అలా, మనిషిని కాచేది కాస్తా మనుషులు కొట్టేది అయింది. మొన్నమొన్న, ఆ మాట లెక్కల్లోకీ ఆఫీసుల్లోకీ వచ్చి పడింది.

దూరంగా చెట్టు కింద తింటున్న అబ్బులు చెయ్యి ఆగిపోయింది. అతని కూతురు నాగశ్రీ అచ్యుతాపురంలో బట్టల ఫ్యాక్టరీలో కుడుతుంది. గంటకిన్ని అని నెత్తి మీద బోర్డు వేలాడుతుంటుంది. ఫోన్ చేస్తే ముందొచ్చే మాట అదే, టార్గెట్ అందలేదు నాన్నా, అని. దాని బోర్డు ఎప్పుడూ పైనే ఉంటుంది, తాడు లాగితే దిగదు. పాపం, దానికీ ఎవరైనా ఒక డాలు ఇస్తే బాగుణ్ణు అనుకున్నాడు.

"సార్, ఆ డాలుకి సొట్టలు పడతాయి గదా. అయ్యి ఎవులు తీసీవోరు?"

"ఎవరో ఒక అబ్బులు ఉండే ఉంటాడయ్యా," అన్నాడు సార్. పిల్లలతో పాటు అబ్బులూ నవ్వాడు. అతనికి చెప్పలేనంత సంతోషం వేసింది.

ఆఖరి వరస కాల్పులయ్యాయి. అబ్బులు చిల్లులన్నీ అతికించి బోర్డు లేపి మైదానం ఇవతలికి వచ్చాడు. సార్ చెప్పినట్టు బోర్లా పడుకుంటే మోకాళ్ళు కలుక్కుమన్నాయి. ఒక కన్ను మూసి చూశాడు. ఓరి నాయనో, అంత దూరంలో బోర్డు అగ్గిపెట్టెంత ఉంది! గురి తప్పినవాళ్ళని కందకంలో కూర్చుని ఎంత తిట్టుకున్నాడో గుర్తొచ్చి సిగ్గేసింది. సార్ నెమ్మదిగా ఊపిరి బిగబట్టమన్నాడు. అబ్బులు మీట నొక్కాడు. భుజం మీద ఎవరో గుద్దినట్టయింది.

అందరూ బోర్డు వైపు చూశారు. కర్ర లేవలేదు. ఎలా లేస్తుంది? లేపేవాడు ఇక్కడ పడుకుని ఉన్నాడాయె. పిల్లలు విరగబడి నవ్వారు. అబ్బులు లేచి, దుమ్ము దులుపుకోకుండా, ఆ దూరమంతా నడిచాడు. కందకంలోకి దిగాడు. కాల్పులు ఆగి ఇంతసేపైందంటే చిల్లులు చూపించడం అయిపోయినట్టే, ఇక అతని చేతులకి తెలిసిన పని ఒక్కటే. తాడు లాగాయి, లై తీశాయి, అతికించాయి, రుద్దాయి, బోర్డు పైకి లేపాయి.

అప్పుడు గుర్తొచ్చింది.

గబగబా బోర్డు మళ్ళీ దించాడు. ఆషాఢం మబ్బు, సముద్రపు గాలి. పొద్దుట్నుంచీ అతికించినవేవీ ఆరలేదు. అన్నీ తడిగానే ఉన్నాయి. ఇందులో తనది ఏది? కుడివైపా, కిందా? వీధి తలుపుకి తాళం వేశామో లేదో గుర్తు రానట్టే, ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అవతల అందరూ ఎదురు చూస్తున్నారు. కర్ర తీసి నడి మధ్యలో చూపిస్తే కాదనేవాడెవడు? కర్ర చేతిలోకి తీసుకున్నాడు కూడా. చూడని చిల్లుని చూపించడం మాత్రం అతని వల్ల కాలేదు. కర్ర కింద పెట్టి, గురి తప్పితే ఊపే ఎర్రజెండా అందుకుని ఊపాడు. అయ్యో అన్నారు పిల్లలు. సార్ దండ వేసి, స్వీట్ల పెట్టె చేతిలో పెట్టి, జీపులో బస్సుస్టాపు దాకా దింపాడు. జెండా సంగతి అబ్బులు ఆయనకి చెప్పలేదు.

ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఎక్కడ తగిలిందని కామేశ్వరి అడిగింది.

"సూడకుండానే అతికించీసినాను," అన్నాడు తల దించుకుని.

కామేశ్వరికి నవ్వొచ్చింది. అతని మొహం చూసి నవ్వు ఆపుకుని పక్కన కూర్చుంది.

"సిల్లుంటేనే గదా అతికిత్తావు. తగిలినట్టే."

అబ్బులు స్వీట్ల పెట్టె విప్పి ఆమెకో ముక్క ఇచ్చి, తనో ముక్క నోట్లో వేసుకున్నాడు.

ఆదివారం జోరుగా వాన పడింది. మర్నాడు కరెంటు బోర్డులు బిగించడానికి వచ్చినవాళ్ళు పాత బోర్డు ఊడదీసి కందకం గోడకి ఆనించి పోయారు. వానకి లై కరిగి అతుకులన్నీ ఊడిపోయాయి. చిల్లులన్నిట్లోంచీ వెలుతురు వస్తోంది. వాటిలో ఒకటి అబ్బులుది.