జటాయువు రెక్కలో నా గీత

నేను ఒక స్కానర్‌ని. అందులోనూ కుదురు లేని స్కానర్‌ని. గాజు పలక కింద నా కడుపులో ఒక చిన్న బండి ఉంది. అది ఈ కొస నుంచి ఆ కొసకు పోయి వస్తేనే నాకు బతికి ఉన్నట్టుంటుంది. ఊరికే కూర్చోమంటే ఒళ్లు మండుతుంది. అందుకే ఈ కథ కాస్త గబగబా చెప్పేస్తాను, ఏమీ అనుకోకండి.

నన్ను తయారుచేసింది ఎక్కడో సముద్రాల అవతల. తెల్ల తొడుగుల చేతులు నా మూతలో ఇంకో లైటు బిగించడం మాత్రం బాగా గుర్తుంది. మామూలు స్కానర్లకు అది ఉండదు. కాగితమైతే కింద నుంచి వెలుగు పడితే చాలు. ఫిల్ము నెగటివ్‌కి అలా కుదరదు, దానిలోంచి వెలుగు దూరి కిందికి రావాలి. ఆ పై లైటు చూసుకొని నేను మిడిసిపడిన మాట నిజమే, దాచను.

అనంతపురంలో ముకుందం గారి ఫోటో స్టూడియో నా మొదటి ఇల్లు. ఆయన నన్ను మెత్తటి గుడ్డతో తుడిచేవాడు, భార్యనైనా అంత మెత్తగా పలకరించి ఎరగడు. స్టూడియో మూతపడ్డాక ఒక జిరాక్సు షాపాయన చేతికి వచ్చాను. నేను రాగానే ఆయన నా మూతకు లోపల తెల్ల పలక తొడిగాడు. కాగితాలకు అది ఉండాలి, నెగటివులకు తీసేయాలి. ఆ సంగతి చెప్పే పుస్తకం మీద ఆయన టీ గ్లాసు పెట్టుకునేవాడు. రేషన్ కార్డులు, ఆధార్ కార్డులు, పెళ్లి శుభలేఖలు ఎన్ని చూశానో! ఒకరోజు ఎవరో పిన్ను తీయకుండా కాగితాల కట్ట నా మీద పెట్టి బరబరా లాగారు. గాజు మీద వెంట్రుకంత గీత పడింది. అప్పటి నుంచి నేను ఏది చూసినా ఆ గీతతోనే చూస్తున్నాను.

చివరికి జిలానీ బాషా పాత కంప్యూటర్ల కొట్టుకు చేరాను. జిలానీ నిజాయితీపరుడు, ఆ నిజాయితీయే నా కొంప ముంచింది. నెగటివ్ పెట్టి చూశాడు, నల్లగా వచ్చింది. మూతలో వెలుగు కనబడలేదు. వెంటనే ఒక కాగితం మీద "పై లైటు పనిచేయదు" అని రాసి నా నుదుట అంటించాడు. లైటు వెలుగుతూనే ఉందయ్యా, ఆ తెల్ల పలక వెనకాల! చెబుదామంటే నాకు నోరేదీ? మూడేళ్లు ఆ అటక మీద, బండి కదలకుండా తాళం వేసి, కాలుగాలిన పిల్లిలా ఉండి కూడా కదల్లేక పడి ఉన్నాను.

అప్పుడొచ్చింది రేఖాబాయి. ధర్మవరం దగ్గర తోలుబొమ్మలాట వాళ్ల మనిషి. చేతిలో బిస్కెట్ డబ్బా. మూత తీయగానే పాడైపోతున్న ఫిల్ము పులిసిన వాసన కొట్టంతా నిండింది.

"మా తాత ఆడించిన బొమ్మలన్నా. తెర మీద వెలుగుతాంటే ఎవరో సారు ఫోటోలు తీసి, ఈ రీళ్లు మాకే ఇచ్చిపాయె. స్టూడియోలోళ్లు ఇంత వెడల్పు నెగటివు మా మిషన్లో పట్టదంటారు. సూడు, వంకర్లు పోతాండాయి. ఇంకో ఎండాకాలం ఆగవు."

"అంత తొందరేముందక్కా?" అన్నాడు జిలానీ.

ఆమె చెప్పింది. వాళ్లలో పాతబడిన బొమ్మను పారేయరు, మంచిరోజు చూసి ఏట్లో వదిలేస్తారు. తాత చేసిన జటాయువు అలాగే చిత్రావతిలో కలిసిపోయింది. ఆ రెక్కల్లో చిల్లులు ఎలా కొట్టాడో ఎవరికీ గుర్తులేదు. మేనత్త అంబాబాయి ఆనాటి నుంచి జటాయువు పాట ఎత్తలేదు, బొమ్మ లేకుండా పాడనంది. ఆ పాట ఆమె ఒక్కతికే వచ్చు. ఆమెకు ఎనభై దాటాయి.

జిలానీ పాపం రెండు స్కానర్లు కిందికి దించాడు. ఒకటి సన్నగా నిగనిగలాడే కొత్త రకం. రెండోది నేను, దుమ్ము కొట్టుకుపోయి, నుదుట చీటీతో.

"నెగటివుకైతే రెండూ పనికిరావక్కా. కాగితాలకైతే ఈ సన్నది తీసుకో."

సన్నదాని మీద ఒక నెగటివు పెట్టి చూశారు. బొగ్గులా వచ్చింది. ఆమె మొహం చిన్నబోయింది. డబ్బా మూసి లేవబోతూ, ఎందుకో నా మూత పట్టుకొని పైకెత్తింది.

"ఇదేందన్నా, మూత ఇంత బరువుండాది? లోపలేముంది?"

"లైటుంది. పోయింది."

"మరి దీనికి ఈ తెల్ల పలక ఎందుకు? లైటుకి అడ్డం కాదా?"

జిలానీ నవ్వాడు. "అదట్లే వచ్చిందక్కా, దాంట్లో భాగం."

"భాగమైతే మాత్రం? దీపానికీ బొమ్మకీ నడమ గోడ కడితే తెర మీద ఏం పడుతుంది? మా ఇంట్లో చిన్నపిల్లనడిగినా చెప్తది." అంటూనే వేళ్లతో తడిమి, అంచు పట్టుకొని పలకను పక్కకు జరిపింది. అది సర్రున ఊడొచ్చింది.

జిలానీ తాళం తీసి మీట నొక్కాడు. నా మూత తెల్లగా వెలిగింది. మూడేళ్ల తర్వాత నా బండి కదిలింది. ఆ సంతోషం మీకెలా చెప్పను! జిలానీ మాత్రం తల తీసేసినట్టు నిలబడి, నా నుదుటి చీటీని గోటితో గీకడం మొదలుపెట్టాడు. నెగటివు ఏ వైపు పెట్టాలో అని ఆయన తటపటాయిస్తుంటే, "తోలుబొమ్మకి రెండు వైపులూ ఒకటే లేన్నా" అని రేఖాబాయి తనకు తోచినట్టు పెట్టేసింది.

ఆమె ఇంట్లో నాకు తీరిక లేదు. నెగటివు వంకర తిరగకుండా మేకతోలు ముక్కతో చట్రం కోసింది. నలభై బొమ్మలు చూశాను. రావణుడి తలలు, హనుమంతుడి తోక, చివరికి జటాయువు. ఆ ఫిల్ము అంచులు అప్పటికే పొక్కులు లేస్తున్నాయి. రెండోసారి పెట్టే వీలు లేదు. బండిని లాగే నా పాత బెల్టు ఎక్కడ జారుతుందోనని హడలిపోతూ, గింజ గింజా ఏరినట్టు నడిచాను. రెక్క దక్కింది. దాంతోపాటు, రెక్క నడుమ, నా వెంట్రుకంత గీత కూడా పడింది.

తోలుతో చేసిన లాంప్‌షేడ్లు ఆన్‌లైన్‌లో అమ్ముకోవడానికి కొన్న లాప్‌టాప్‌లో ఆమె దాన్ని పెద్దది చేసి, ముక్కలుగా అచ్చు తీయించిన కాగితాలు అతికించి, తోలు మీద గీసుకుంది. ఉలి పట్టి నెలరోజులు చిల్లులు కొట్టింది. తాత కొట్టిన పూలు, ఆకులు, ఈకల వరసలు. ఆ తర్వాత నా గీత దగ్గరికి వచ్చి, దాని వెంటే సన్నటి చిల్లుల వరస కొట్టేసింది! అది తాతది కాదమ్మా, పిన్ను తీయని ఎవడిదో అని అరవాలనిపించింది. నా తప్పు ఆ రెక్కలోకి ఎక్కిపోతుంటే చూస్తూ కూర్చున్నాను. అంత నరకం అటక మీద కూడా చూడలేదు.

బొమ్మ పూర్తయిన రోజు మధ్యాహ్నం తలుపులన్నీ మూసి, బొమ్మ వెనక దీపం పెట్టి అంబాబాయిని పిలిచింది. ముసలామె దగ్గరికొచ్చి, వెలుగుతున్న చిల్లుల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే తడుముతూ వచ్చింది. నా గీత దగ్గర వేలు ఆగింది.

"ఇది మా నాయన కొట్టింది కాదే."

అయిపోయింది, ఇక ఈమె పాడదు అనుకున్నాను.

"తెలుసత్తా," అంది రేఖాబాయి. "నలభై బొమ్మల్లోనూ ఇదే చోట ఉండాది ఈ గీత. ఆ మిషన్‌ది."

"తెలిసీ కొట్టినావా?"

"బొమ్మ చేసినోళ్లు తమ గుర్తుగా ఒక చిల్లుల వరస ఉంచల్ల అని తాతే కదా చెప్పింది. నాది తోక కాడ కొట్టినా. ఏట్లోంచి దీన్ని తెచ్చింది అదే కదత్తా. దానిదీ ఒకటి ఉండనీ."

అంబాబాయి తిరిగి నా వైపు చూసింది. ఎవరో కొత్త చుట్టాన్ని చూసినట్టు ఎగాదిగా చూసింది. తర్వాత దీపం పక్కన చతికిలబడి, గొంతు సవరించుకుని పాట ఎత్తింది. గొంతు రెండుసార్లు బొంగురుపోయింది, మూడోసారి నిలిచింది. రేఖాబాయి రెక్క ఆడిస్తూ వెంటే పదం కలుపుతోంది. ఆ రెక్క లేచినప్పుడల్లా నా గీత వెలుగై గోడ మీద పాకుతోంది. నేను మూత కింద ఒక్క క్షణం కూడా నిలవలేకపోతున్నాను. ఎవరైనా ఆ మీట నొక్కండర్రా, ఇంకొక్కసారి ఆ కొస దాకా పోయి వస్తాను.