మరకల పిన్ని చేతులు

ఆ హోటల్లో నాలుగు వందల గదులు. వాటి దుప్పట్లు, తువ్వాళ్ళు, వంటవాళ్ళ కోట్లు, బల్లల మీద పరిచే తెల్లగుడ్డలు అన్నీ నేలమాళిగలో ఉన్న లాండ్రీకే దిగేవి. అక్కడ పెద్ద మిషన్లకి లొంగని మరకల సంగతి ఒక్క మనిషే చూసుకునేది. పదహారేళ్ళుగా అదే పని. గుడ్డ చేతిలోకి తీసుకుని అది నూనో, సిరానో, లిప్‌స్టికో, రక్తమో ఇట్టే చెప్పేది. చిన్నా పెద్దా అందరూ ఆవిణ్ణి మరకల పిన్ని అనేవాళ్ళు. ఇంట్లో మొగుడు కూడా అప్పుడప్పుడు నోరు జారి అలాగే పిలిచి తిట్లు తినేవాడు.

ఆవిడ స్నేహితురాలు ఇస్త్రీ వదిన. పెద్ద ఆవిరి ఇస్త్రీ మిషన్ మీద దుప్పట్లు నడిపేది. వదిన ఈవిణ్ణి పిన్నీ అనేది, ఈవిడ ఆవిణ్ణి వదినా అనేది. ఈ వరస ఏ లెక్కనా కుదరదని అందరూ నవ్వినా వాళ్ళు మార్చుకోలేదు. పదేళ్ళుగా మధ్యాహ్నం ఒకే డబ్బాలో తినేవాళ్ళు.

ఆ ఏడు మరకలు తీయడానికి కొత్త మందునీళ్ళు వచ్చాయి. పని చురుగ్గా చేసేవి గాని, చేతుల్ని కూడా అంతే చురుగ్గా తినేవి. ఇచ్చిన గ్లౌజులు కాగితంలా పల్చన, ఒక పూటకే వేళ్ళ దగ్గర చిరిగేవి. ముందు వేళ్ళ సందుల్లో ఎరుపు, తర్వాత దురద, తర్వాత పగుళ్ళు. పిన్ని కొబ్బరినూనె రాసి ఊరుకుంది. మూడో వారానికి పగుళ్ళ మీద పసుపుపచ్చ పెచ్చులు కట్టి రసి కారింది. ఒకరోజు తెల్లగుడ్డ మీద ఎర్ర చుక్క కనిపిస్తే, ఎక్కడిదా అని చూసుకుంది. తన చేతిదే.

"ఏంటి పిన్నీ, నువ్వే మరకలు పెడితే ఎలా?" అన్నాడు సూపర్‌వైజర్. అతను నవ్వుతూనే అన్నాడు గాని, పిన్నికి తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రమే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది.

డాక్టరమ్మ దీపం కింద చేతులు తిప్పి తిప్పి చూసి, ఒక చిన్న ట్యూబు రాసిచ్చింది.

"ఇందులో రెండు మందులున్నాయి. ఒకటి స్టెరాయిడ్, వాపూ దురదా తగ్గిస్తుంది. రెండోది యాంటీబయోటిక్, చీము పట్టించే క్రిముల్ని చంపుతుంది. నీకు వాపూ చీమూ రెండూ కలిసి వచ్చాయి కాబట్టి ఇది ఇస్తున్నా. పొద్దునా సాయంత్రం, చేతులు కడిగి, గుడ్డతో తడి మెత్తగా అద్దుకుని, పల్చగా రాయి. వేలి కొస నుంచి మొదటి గీత దాకా పిండావంటే రెండు అరచేతులంత మేరకి సరిపోతుంది. ఏడే రోజులు."

"అప్పటికి తగ్గకపోతే ఇంకో నాలుగు రోజులు రాసుకుంటాలే."

"వద్దు. నా దగ్గరికి రా. మధ్యలో తగ్గిందని మానేయొద్దు, తగ్గలేదని పెంచొద్దు. ఊరికే రాస్తూ పోతే చర్మం ఉల్లిపొరలా తయారవుతుంది. క్రిములు కూడా మందుకి అలవాటు పడిపోతాయి, రేపు నిజంగా అవసరమైనప్పుడు పని చెయ్యదు. పైన కట్టు కట్టకు, రబ్బరు గ్లౌజు తొడగకు. మూసేస్తే మందు లోపలికి ఎక్కువ దిగుతుంది. ఆ చేత్తో కళ్ళు నలుపుకోకు, మొహానికి అసలే రాయకు. ఇంకెవరికీ ఇవ్వకు. ఈ వారం చేతులు నీళ్ళలో పెట్టకూడదు."

"అది మా సూపర్‌వైజర్‌కి మీరు చెప్పండమ్మా."

"కాగితం రాసిస్తా. చెప్పడం మాత్రం నువ్వే చెప్పాలి."

మర్నాడు పిన్ని ఆ కాగితం సూపర్‌వైజర్ బల్ల మీద పెట్టింది. అతను చదివి తల పట్టుకున్నాడు. "వారం రోజులా? మరి మరకలో?"

"మరకలు ఎక్కడికీ పోవు. నా చేతులే పోతాయి."

గొణుక్కుంటూనే ఆవిణ్ణి పొడి తువ్వాళ్ళు మడతపెట్టే చోట కూర్చోబెట్టాడు.

మూడో రోజుకి పెచ్చులు రాలాయి. బట్టలు మార్చుకునే గదిలో వదిన అది చూసి, రవిక అంచు పైకి జరిపి నడుము చూపించింది. గాజంత గుండ్రంగా ఎర్రటి మచ్చ, అంచు కాస్త ఉబ్బి ఉంది.

"ఆవిరి దగ్గర చెమటకి వచ్చినట్టుంది, దురదతో చస్తున్నా. నీ ట్యూబు గోరంత పెట్టు పిన్నీ."

"ఇవ్వను వదినా. డాక్టరమ్మకి చూపించు."

"పదేళ్ళు నీ డబ్బాలో తిన్నాను, గోరంత క్రీముకి పనికిరానా?"

"అన్నం ఎంతైనా పెడతా. ఇది మాత్రం ఇవ్వను."

వదిన మొహం మాడ్చుకుని వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి డబ్బా విడిగా తెచ్చుకుని బాయిలర్ పక్కన కూర్చుని తినడం మొదలుపెట్టింది. పిన్నికి ముద్ద దిగలేదు. అయినా ట్యూబు సంచీ దాటలేదు. ఒకే డబ్బాలో తినేదానికి గోరంత మందు పెట్టలేకపోయిందని లాండ్రీ అంతా చెవులు కొరుక్కున్నారు. ఒకరిద్దరు ఆవిడకి వినపడేలాగే అన్నారు. వినీ విననట్టు మడతలు పెట్టుకుంటూ కూర్చుంది.

ఏడో రోజున డాక్టరమ్మ చేతులు చూసి క్రీము ఆపేయమంది. మిగిలిన ట్యూబు మందుల షాపులో తిరిగి ఇచ్చేయమంది, ఇకమీదట వట్టి తేమ ఉంచే లేపనం చాలంది. "కానీ విను. దీనికి మూలం ఆ మందునీళ్ళు. లోపల నూలు పొర ఉండి, మోచేతుల దాకా వచ్చే గ్లౌజులు కావాలి. అవి లేకుండా మళ్ళీ అందులో చెయ్యి పెడితే మళ్ళీ వస్తుంది. వచ్చినప్పుడల్లా నేనీ క్రీము రాయను."

పిన్ని నేరుగా వచ్చి సూపర్‌వైజర్‌ని గ్లౌజులు అడిగింది. అతను హుషారుగా లేచి, గోడకున్న ప్రథమ చికిత్స పెట్టె తలుపు తీశాడు. లోపల వరసగా పన్నెండు ట్యూబులు. పిన్ని వాడిన మందే.

"చూశావా? నీకు వారంలో తగ్గిందిగా, షాపువాణ్ణి అడిగి అందరికీ తెప్పించా. దురద వచ్చినా మంట వచ్చినా రాసుకోండి. డాక్టరూ కాగితాలూ ఏమీ అక్కర్లేదు."

"నేనడిగింది గ్లౌజులు."

"క్రీము ఉందిగా పిన్నీ."

"అది తగ్గించే మందు. పుట్టించేది అదిగో, ఆ డ్రమ్ములో ఉంది."

"అబ్బో, నువ్వే డాక్టరైపోయావు" అని అతను నవ్వితే పక్కనున్నవాళ్ళూ నవ్వారు. పిన్ని వంటగదిలో గిన్నెలు తోమేవాళ్ళ గ్లౌజులు అరువు తెచ్చుకుంది. అవి మణికట్టు దాకానే వచ్చేవి, పైనుంచి నీళ్ళు దిగేవి. రోజుకి సగం గుడ్డలు చేసి మిగతావి పక్కన పెట్టేది. అతను రోజూ గ్లౌజులు రేపు వస్తాయనేవాడు.

ట్యూబులు మాత్రం ఊపిరి సలపకుండా చేతులు మారాయి. ఒకామె చెమటకాయలకి రాసుకుంది. ఇంకొకామె మొటిమలకి. బాయిలర్ దగ్గరుండే పెద్దాయన కాళ్ళ పగుళ్ళకి పట్టించాడు. ఒకళ్ళు వేలు ఆనించిన ట్యూబు మూతికే ఇంకొకళ్ళు వేలు ఆనించేవాళ్ళు.

వదిన కూడా పెట్టెలోంచి ఒకటి తీసుకుని రాసుకుంది. నడుం మీద ఎరుపు నాలుగు రోజుల్లో మాసిపోయింది. పిన్ని ముందు నించుని రవిక అంచు జరిపి మరీ చూపించింది. "చూశావా, నువ్వు ఇవ్వకపోతే ఆగిపోతుందా?"

రాయడం మానగానే అది తిరిగొచ్చింది, గాజంతది కంచమంత అయి. వదిన మళ్ళీ రాసింది, ఇంకా మందంగా. అయిదు వారాలకి పొట్ట మీదకీ వీపు మీదకీ పాకింది. ఒక మధ్యాహ్నం పిన్ని గదిలోకి వెళ్ళేసరికి వదిన బల్ల మీద కూర్చుని ఉంది, నడుముకి గుడ్డ తగిలితే ఓర్వలేక.

"పిన్నీ, నాకు భయంగా ఉంది" అంది. ఆ రోజు దెప్పిన తర్వాత పిన్నితో అన్న మొదటి మాట అది.

ఇద్దరూ ఆ సాయంత్రం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. ఆవిడ అంచున చర్మం కాస్త గీకి, భూతద్దపు యంత్రంలో చూసింది. "తామర. ఇది బూజు జాతి. నువ్వు రాసిన దాంట్లో యాంటీబయోటిక్ దీన్ని ఏమీ చెయ్యదు. స్టెరాయిడేమో దురదని జోకొట్టి, ఒంటి కాపలాని నిద్రపుచ్చింది. అది హాయిగా పాకింది." తామర మందు రాసిచ్చి, ఇది వారాల మీద తగ్గుతుందని చెప్పింది.

బయటికొచ్చి కొంత దూరం నడిచాక వదిన అడిగింది, "అప్పుడే గట్టిగా చెప్పొచ్చుగా?"

"తప్పు నాదే. ఇవ్వను అన్నానే గాని ఎందుకో చెప్పలేదు. చెబితే వాదిస్తావని" అంది పిన్ని. "రేపు చెబుతా. అందరికీ."

మర్నాడు పది గంటలకి, మిషన్లలో గుడ్డలు మార్చడానికి అందరూ చేరే వేళ, పిన్ని ప్రథమ చికిత్స పెట్టె తెరిచింది. మిగిలిన ఎనిమిది ట్యూబులూ కొంగులో వేసుకొచ్చి సూపర్‌వైజర్ బల్ల మీద గుమ్మరించింది. డాక్టరమ్మ తనకి చెప్పిందీ, వదినకి చెప్పిందీ, ఒక్క ముక్క వదలకుండా గట్టిగా చెప్పింది. మొటిమలకి రాసుకున్న ఆమె చెంప తడుముకుంది.

"ఇది చెడ్డ మందని నేననను. నా చేతుల్ని అదే కాపాడింది. కానీ నాకు రాసింది నాకు, ఏడు రోజులకి. ఇలా పెట్టెలో పెట్టి అందరికీ పంచేది కాదు. గ్లౌజులకి బదులు ఇచ్చేది అసలే కాదు."

తర్వాత తన బల్ల దగ్గరికి వెళ్ళి స్టూలు మీద కూర్చుని చేతులు కట్టుకుంది. ముందు రెండు వందల తెల్లగుడ్డలు. సాయంత్రం పైన పెద్ద మీటింగు.

"పిన్నీ, మొండికెయ్యకు. ఆ డ్రమ్ము మూత తియ్యి."

"గ్లౌజులు వచ్చేదాకా తియ్యను."

"నీకు ఉద్యోగం ఉండాలని లేదా?"

"ఉంది. అందుకే ఇక్కడ కూర్చున్నా. పోతే పోనీ అనుకుంటే ఇంటికెళ్ళేదాన్ని."

వదిన ఇస్త్రీ మిషన్ ఆపేసి వచ్చి పక్కన నించుంది. ఆవిరి బుసలు ఆగేసరికి నేలమాళిగంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. ఇంకొకామె వచ్చి నించుంది. ఆ తర్వాత బాయిలర్ పెద్దాయన.

రెండు గంటలకి పైనుంచి హోటల్ మేనేజరమ్మ దిగివచ్చింది. ఆవిడ ఆ మెట్లు దిగడం ఎవరైనా చూడటం అదే మొదటిసారి. వదిన ఆవిణ్ణి పక్కకి పిలిచి నడుము చూపించింది. ఆవిడ చూపు తిప్పుకుని, "ఈ ట్యూబులు ఎవరు చెబితే కొన్నావు?" అని సూపర్‌వైజర్‌ని అడిగింది.

"ఎవరూ చెప్పలేదండీ. తగ్గుతోంది కదా, అందరికీ మేలు చేద్దామని..." అతను నిజంగానే అలా అనుకున్నాడని పిన్నికి తెలుసు. తెలిసినా చేతులు విప్పలేదు.

"గ్లౌజులు రేపు వస్తాయి. ఇవాళ్టికి ఈ గుడ్డలు చేసిపెట్టండి" అంది మేనేజరమ్మ.

"రేపు వస్తే రేపే చేస్తానమ్మా."

ఆ సాయంత్రం గుడ్డలు మరకలతోనే పైకి వెళ్ళాయి. మీటింగులో వాళ్ళు ప్లేట్లు జరిపి కప్పుకున్నారో ఏమో, ఎవరూ గొడవ చెయ్యలేదు.

గ్లౌజులు మర్నాడు రాలేదు, మూడో రోజున వచ్చాయి. పొడుగు సరిపోయింది గాని మగవాళ్ళ సైజు. పిన్ని వాటిని వెనక్కి పంపి, సరైనవి వచ్చేదాకా ఇంకో రెండు రోజులు కూర్చుంది. ట్యూబులు మందుల షాపుకి వెళ్ళిపోయాయి. పెట్టెలో కట్లు, దూది మిగిలాయి. ఎవరికైనా చర్మం మీద ఏదైనా వస్తే సగం పూట ఇచ్చి డాక్టరు దగ్గరికి పంపాలని నోటీసు అంటించారు. వదినకి పూర్తిగా తగ్గడానికి రెండు నెలలు పట్టింది. నడుం మీద నల్లటి నీడ ఒకటి ఉండిపోయింది. మళ్ళీ ఒకే డబ్బాలో తింటున్నారు, ఉప్పెక్కువైందని దెప్పుకుంటూ.

పిన్నికి శిక్ష తప్పలేదు. క్రమశిక్షణ తప్పినందుకు హెచ్చరిక అంటూ ఒక కాగితం వచ్చింది. సూపర్‌వైజర్ మొహమాటపడుతూ పెన్ను ఇచ్చాడు. పిన్ని నిదానంగా మొత్తం చదివి, కింద 'చదివాను, ఒప్పుకోలేదు' అని రాసి సంతకం పెట్టింది.

"ఇలా రాయకూడదు పిన్నీ."

"రాయకూడదని ఎక్కడ రాసుందో చూపించు."

అతను కాగితం రెండు పక్కలా తిప్పి చూశాడు. ఎక్కడా లేదు.