మాత్రలు మానేసిన వారం

నా వేలు పాడైపోయింది. ముప్పై ఏళ్లుగా సినిమాలు కత్తిరిస్తున్న వేలు. షాట్ నడుస్తుంటే ఎక్కడ కోయాలో దానికే తెలిసేది. మీట నొక్కాక గానీ నాకు తెలిసేది కాదు. అక్కడే ఎందుకని ఎవరైనా అడిగితే, నాకేం తెలుసు, వేలినే అడగండని కసిరేవాణ్ణి.

గుండె దడకని డాక్టరు మాత్రలు రాశాడు. దడ తగ్గింది, దాంతోపాటు వేలూ బద్ధకించింది. ప్రతి కట్ కాస్త ఆలస్యంగా పడుతోంది. దర్శకుడు మొదటి సగం చూసి తల గోక్కున్నాడు. "బాగానే ఉంది గురువుగారూ... కాస్త సాగుతోందేమో." శుక్రవారానికల్లా కుదరకపోతే ఇంకో ఎడిటర్ని పెట్టుకుంటాడని ఆ నసుగుడులోనే అర్థమైంది. ఒళ్లు మండిపోయింది.

మర్నాటి నుంచి మాత్రలు మానేశాను. మా ఆవిడ పొద్దున్నే అరచేతిలో పెడితే, మింగినట్టు నటించి, గుమ్మం పక్క పూలకుండీలో పడేసేవాణ్ణి. మూడో రోజుకి దడ తిరిగొచ్చింది, వేలూ తిరిగొచ్చింది. అబ్బ, ఏం వారమది! కూర్చోలేను, నిలబడలేను, నాలుగు మెట్లెక్కితే కళ్లు బైర్లు కమ్మేవి. రెండో సగం మాత్రం చకచకా తెగింది. దర్శకుడు చప్పట్లు కొట్టాడు.

గురువారం మధ్యాహ్నం మా ఆవిణ్ణి ఎడిటింగ్ గదికి పిలిచి మొత్తం చూపించాను. నా ప్రతి సినిమా ముందుగా చూసేది ఆవిడే. ఇన్నేళ్లలో బాగుందని గానీ బాగాలేదని గానీ అన్న పాపాన పోలేదు. చూసి, సంచీ తీసుకుని వెళ్లిపోతుంది. ఆవేళ దీపాలు వెలిగినా కదల్లేదు.

"ఎప్పట్నించి మానేశారు?"

"ఏంటి మానేసేది?"

"నా దగ్గరా వేషాలు? సగం దాకా వేసుకున్నారు. ఆ తర్వాత మానేశారు."

"పిచ్చా నీకు! సినిమా చూసి మాత్రల సంగతి చెప్తావా?"

"ముప్పై ఏళ్లు పక్కన పడుకున్నదాన్ని, మీ దడ నాకు తెలీదా?" తెర వైపు చెయ్యి చూపించింది. "జైలు గేటు దగ్గర ఆ తల్లి కొడుకుని ఇంకా తనివితీరా చూడనే లేదు, అప్పుడే కోసేశారు. అంత తొందరేంటండీ? ఎక్కడికి పోదామని?"

ఆ సీను మళ్లీ వేశాను. నిజమే, తల్లి కళ్లు ఇంకా వాడి మీదే ఉన్నాయి. భయమేసింది.

ఆవిడ సంచీలోంచి మాత్ర, నీళ్లసీసా తీసింది. మింగాను. నోరు తెరవమంది. తెరిచి చూపించాను.

కోసిన షాట్‌ని మళ్లీ పొడిగించాను. వేలు ఆగడం లేదు.

"ఇప్పుడా?"

"ఉండండి."

తల్లి చూస్తూనే ఉంది. గేటు మూసుకుంది. నా మణికట్టు మీద ఆవిడ చెయ్యి పడింది.

"ఉండండి... ఊఁ, ఇప్పుడు."

అప్పటికే నా వేలు నొక్కేసింది.

"రేపు ఆ డైరెక్టరు సాగుతోందంటాడే," అన్నాను.

"అననివ్వండి." సంచీ కింద పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుంది. "తర్వాతది వెయ్యండి."