అట్టపెట్టెల గదిలో పురుడు

ఖర్జూరాల షెడ్డులో పిల్లి తిరగకూడదని కోడలు చెప్పని రోజు లేదు. మామగారు విన్న రోజూ లేదు.

ఆ షెడ్డు మామగారు కట్టింది. పండ్లు కడిగి, ఆరబెట్టి, పుచ్చులు ఏరేసి, పెట్టెల్లో సర్ది ఊళ్లోని దుకాణాలకు పంపేవారు. ఆహార పరిశుభ్రత గురించి చదువుకున్న కోడలు ఇంటికి వచ్చాక విదేశాలకు పంపుదామన్న ఆశ పుట్టింది. కొనేవాళ్లు కూడా దొరికారు. అయితే వాళ్ల తరఫున ఒక అధికారి వచ్చి, షెడ్డంతా చూసి, సరేనంటేనే సరుకు ఓడెక్కుతుంది. కోడలు గోడలకు రంగు వేయించింది. మోచేత్తో తిప్పే పంపులు పెట్టించింది. లోపలికి వెళ్లే ప్రతివాళ్లకూ తెల్లకోటు, జుట్టు రాలకుండా టోపీ ఉండాలంది. పండులో ఇనుప రజను ఉంటే కూతపెట్టే యంత్రం తెప్పించింది. అన్నీ అయ్యాయి. మిగిలింది దొరసాని.

దొరసాని అంటే మామగారి పిల్లి. బూడిదరంగు ఒళ్లు, తెల్ల మూతి. కుర్చీలో కూర్చుందంటే ఎవరొచ్చినా లేవదు కాబట్టి పనివాళ్లు ఆ పేరు పెట్టారు.

"మావయ్యా, తినే వస్తువు ఉన్నచోట జంతువు ఉండకూడదు. దాని వెంట్రుక ఒక్కటి పెట్టెలో దొరికినా సరుకంతా వెనక్కి పంపేస్తారు."

"అయితే ఎలుకలు తిరగొచ్చా?"

"ఎలుకలకి బోన్లు పెట్టాంగా."

"నీ బోనులో ఎన్ని పడ్డాయమ్మా?"

ఒక్కటీ పడలేదు. పిల్లి ఉండబట్టే పడలేదని ఆయన, ఎలుకలే లేవు గనక పడలేదని ఆమె. ఈ వాదన ఎక్కడ మొదలైతే అక్కడికే వచ్చి ఆగేది.

"మీ నాన్నకి మీరైనా చెప్పండి" అని భర్తను అడిగింది. అతను కంచంలోంచి తల ఎత్తలేదు. "నా మాట ఎప్పుడు విన్నాడు గనక? నువ్వే చెప్పు" అన్నాడు.

విసుగెత్తి ఒకరోజు దొరసానిని బుట్టలో పెట్టి ఇంటికి తెచ్చింది. అత్తగారు గుమ్మంలోనే ఆపేసింది. "అమ్మాయ్, ఆయన్ని భరిస్తున్నది చాలదా నాకు?" అంది. అన్నదే గానీ, కాసేపటికి గిన్నెలో పాలు పోసింది. మర్నాడు కోడలు షెడ్డుకు వెళ్లేసరికి దొరసాని మెట్ల మీద కూర్చుని తాపీగా ఒళ్లు నాక్కుంటోంది. అదెలా వచ్చిందని అడిగితే మామగారు పేపర్లో మునిగిపోయారు. బయట ఆయన స్కూటరు ముందు బుట్ట నిండా బూడిదరంగు వెంట్రుకలు.

తనిఖీ దగ్గర పడిందనగా దొరసాని కనిపించకుండా పోయింది. "నీ గోల పడలేక వెళ్లిపోయింది" అని మామగారు ముఖం ముడుచుకున్నారు. ఆయన్ని చూస్తే కోడలికి జాలేసింది గానీ, లోలోపల హాయిగా ఊపిరి పీల్చుకుంది.

వచ్చిన అధికారి సన్నటి మనిషి, మాట తక్కువ. కిటికీ అంచు మీద వేలు రాసి చూసుకున్నాడు. పండ్లు ఏరేవాళ్ల గోళ్లు చూశాడు. ఇనుపముక్క గుచ్చిన పండును యంత్రంలో వేస్తే అది కూతపెట్టి దాన్ని పక్కకు నెట్టేసింది. తల ఊపాడు. కోడలికి ప్రాణం లేచొచ్చింది. ఇక మిగిలింది ఖాళీ అట్టపెట్టెల గది.

పండ్లు ఏరేవాళ్లందరూ పెద్దక్క అని పిలిచే ఆమె ముందు వరస పెట్టెలు జరిపి, చెయ్యి అలాగే గాల్లో ఉంచి నిలబడిపోయింది.

"మేడమ్..."

కొనేవాళ్ల పేరు బంగారురంగులో అచ్చువేసిన పెట్టెలో దొరసాని పడుకుని ఉంది. పొట్టకు అతుక్కుని నాలుగు కూనలు, ఇంకా కళ్లయినా తెరవనివి.

అందరికంటే ముందు తేరుకున్నది మామగారు. "అయ్యో తల్లీ, నీళ్లోసుకున్న సంగతే తెలియనివ్వలేదు కదే!" అని వంగి చూసి, అధికారి వైపు తిరిగారు. "బాబూ, మీరే చెప్పండి. ఇంత షెడ్డులో ఒక్క ఎలుక కనిపించిందా?"

కోడలికి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. కొత్తగా రంగు వేయించిన గోడ కనుక ఊరుకుంది.

"ఎలుక కనిపించలేదండి. పిల్లులు ఐదు కనిపించాయి" అన్నాడు అధికారి, రాసుకుంటూ.

ఆ గదిలోని పెట్టెలన్నీ పారేయాలి, గది కడగాలి, జంతువు దూరగల సందులన్నీ మూయాలి, అప్పుడే మళ్లీ వస్తానని చెప్పి కారెక్కాడు. కారు మలుపు తిరిగేదాకా కోడలు ఓపిక పట్టింది.

"ఎన్నిసార్లు చెప్పాను మావయ్యా! నా మాటంటే అంత లోకువా?"

"అది పెట్టెలో ఈనుతుందని నాకేం తెలుసమ్మా?"

"తెలియదనే కదా వద్దన్నది! మీ షెడ్డు, మీ పిల్లి. మీరే చూసుకోండి."

తెల్లకోటు విప్పి కొక్కేనికి తగిలించి ఇంటికి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం మామగారు పిల్లినీ కూనల్నీ బుట్టలో పెట్టి తెచ్చి, వసారాలో ఒక మూల తడిక కట్టారు.  ఈసారి అత్తగారు గుమ్మంలో ఆపలేదు.

వెళ్లకూడదనే అనుకుంది గానీ, మర్నాడు కోడలికి ఇంట్లో కాలు నిలవలేదు. షెడ్డుకు వెళ్లి చూస్తే, అట్టపెట్టెల గది గుమ్మం దగ్గర మామగారు బోర్లా పడుకుని తలుపు అడుగున ఇనుప జాలీ బిగిస్తున్నారు. చొక్కా అంతా చెమట, గడ్డానికి దుమ్ము.

"అది దూరింది ఈ సందులోంచే" అన్నారు ఆమె వైపు చూడకుండా. "పిల్లి పట్టిందంటే ఎలుకా పడుతుంది."

"నేను మొదట్నుంచీ చెబుతున్నది అదే కదా మావయ్యా!"

"నువ్వు నియమం అన్నావు. సందు అని చెబితే అర్థమయ్యేదిగా."

 ఈ మనిషితో ఇక తనవల్ల కాదనుకుంది. ఆయన చెయ్యి చాపి, "ఆ మేకులు ఇలా అందుకో" అన్నారు. అందించింది. ఆ వారమంతా ఇద్దరూ పోట్లాడుకుంటూనే షెడ్డులో సందులు వెతికి మూశారు.

అధికారి మళ్లీ వచ్చాడు. పాత పెట్టెలన్నీ పోయి కొత్తవి వచ్చాయి. అన్నీ చూసి సరుకు పంపుకోవచ్చన్నాడు. పోతూ పోతూ సామాను దింపే గుమ్మానికి వేలాడే ప్లాస్టిక్ తెర ఒకపక్క కొద్దిగా చిరిగిందని, అది మార్చమని చెప్పాడు.

"ఇంత చేస్తే చివరికి ఆ చిరుగే కనబడిందా ఈయనకి!" మామగారు మండిపడుతూ కత్తెర పట్టుకుని విసవిసా లోపలికి నడిచారు.

"మావయ్యా, టోపీ!" అని అరిచింది కోడలు.

"పెట్టుకుంటున్నానమ్మా, పెట్టుకుంటున్నా! ఉన్న నాలుగు వెంట్రుకలకి ఇదొకటి!"