భుజం మీది తుండు

పాండురంగరాజా కారును ఎద్దులు లాక్కొచ్చిన సంగతి రాజపాళయంలో పాలు తాగే పిల్లలకు తప్ప అందరికీ తెలుసు. ఆయనకు అది చచ్చేంత సిగ్గు. అయితే ఆ సిగ్గు కింద ఇంకో సిగ్గు ఉంది. పైదాన్ని బజారంతా చూసి నవ్వింది. కిందిది తెలిసినవాళ్లు ఇద్దరే ఇద్దరని ఆయన లెక్క. ఒకరు తాను, రెండోవాడు చోళపురం రామసామి నాయకర్.

జరిగింది ఇది. కూతురు వేదవల్లికి మదురై సంబంధం వచ్చింది. పిల్లవాడి తండ్రి సౌందరరాజా అక్కడ నూలు వ్యాపారి, తక్కువ మాట్లాడి ఎక్కువ చూసే మనిషి. ఇల్లు చూశాడు, పిల్లను చూశాడు, పొలాల వైపు కూడా పోయి వద్దామన్నాడు. పాండురంగరాజా రోజూ పొలానికి పోయేది గుర్రబ్బండిలో. ఆ రోజు మాత్రం, కాబోయే వియ్యంకుడు పక్కనున్నాడు గదా అని, ఒక జమీందారు వదిలించుకుంటే తాను తగిలించుకున్న పెద్ద అమెరికా కారు బయటికి తీయించాడు. ఏనుగంత కారు అది. తిరుగు దారిలో చోళపురం దాటీ దాటగానే రెండు సార్లు దగ్గి చల్లబడిపోయింది.

డ్రైవర్ చెల్లప్ప తుండు నడుముకు బిగించి ముందు మూత ఎత్తాడు, దించాడు, మళ్లీ ఎత్తాడు. ఆ రోజుల్లో జీతానికి ఉన్నవాడు యజమాని ఎదుట తుండు భుజాన వేసుకోడు. తీసి నడుముకు చుట్టుకోవడమే మర్యాద. ఎవరు ఎవరికి లోబడినవాళ్లో తెలుసుకోవడానికి ఆ గుడ్డముక్క చాలు.

పక్క పొలంలో రామసామి నాయకర్ దున్నుతున్నాడు. సొంత భూమి, సొంత బావి, సొంత ఎద్దులు ఉన్న రైతు. తన పత్తిని పాండురంగరాజా జిన్నింగ్ ఫ్యాక్టరీకే తోలుతాడు, అంతకు మించి ఆయనకు బాకీ పడింది ఏమీ లేదు. ఎవరూ పిలవకుండానే మడక విప్పి, ఎద్దులను తోలుకొచ్చి కారు ముందు కట్టాడు.

"ఎండలో ఏమిటికి నిలబడతారు? లోపల కూర్చోండ. ఊరు చేర్చిపెట్టి వస్తాను" అన్నాడు.

చేర్చాడు. కానీ చేర్చే దారి బజారు నడుమనుంచే గదా. మిల్లు షిఫ్టు విడిచిన వేళ. టీ అంగడి ముందు కూర్చున్న వాడొకడు గట్టిగా అరిచాడు. "ఏమండ రాజావాళ్లు, పెట్రోలుకు బదులు పత్తిగింజలు పోసినారా?" బజారు బజారంతా పగలబడి నవ్వింది. పాండురంగరాజాకు తల తీసేసినట్టయింది. సరిగ్గా అప్పుడే సౌందరరాజా, ఆ నవ్వులు తన చెవిన పడనట్టే, ముందుకు వంగి అడిగాడు.

"ఎద్దులు బాగున్నాయే. ఎవరివి?"

"మనవే" అన్నాడు పాండురంగరాజా. "వాడు మన పన్నెయాళు."

పన్నెయాళంటే పాలేరు. మాట అని ముగించేలోపే నాలుక కొరుక్కున్నాడు గానీ, కొరుక్కుంటే మాట వెనక్కి రాదు. కాడి పక్కన నడుస్తున్న రామసామి ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు. ఇంటి వాకిట్లో ఎద్దులను విప్పుకొని, పాండురంగరాజా భార్య అఖిలాండం తెచ్చిన మజ్జిగ వద్దని, వచ్చిన దారినే పోయాడు.

వారం తిరక్కముందే మదురైనుంచి సరే అని కబురు వచ్చింది. ఇల్లంతా పండగైంది. పాండురంగరాజాకు మాత్రం ముద్ద దిగలేదు. పోయి రామసామిని ఒక మాట అడగాలని చాలాసార్లు చెప్పులు వేసుకున్నాడు, చాలాసార్లు విప్పేశాడు. ఏమని అడగాలి? తప్పు ఒప్పుకోవాలంటే ముందు అది తన నోటితో మళ్లీ చెప్పుకోవాలి. ఆ ముఖం ఆయనకు లేదు. ముఖం లేనివాడు ఏం చేస్తాడు? బండి కొంటాడు.

అవును. ఎద్దులు లాగడం వల్లే గదా ఇదంతా వచ్చింది, ఇక మీద తన కారును ఎద్దు ముట్టగూడదు అని తీర్మానించుకున్నాడు. ఎద్దులు ఏం పాపం చేశాయో దేవుడికే తెలియాలి.

మదురై బయట యుద్ధం నాటి మిలిటరీ బండ్లు అమ్మే దొడ్డి ఒకటి ఉండేది. చెల్లప్పను తీసుకొని అక్కడికి పోయాడు. నాలుగు చక్రాలూ ఇంజన్‌తో తిరిగే బండ్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. మొదట ఒక జీపు చూపించారు. చెల్లప్ప దాని చుట్టూ తిరిగి, "ఇది బురదలో చక్కగా పోతాది గానీ మన కారు దీనికంటే బరువు. ఇది కారును లాగేది పోయి, కారు దీన్ని లాగుతాది" అన్నాడు. రెండోది మధ్యరకం బండి. ముందు బంపరు మీద ఇనప చుట్ట, దానికి ఉక్కు తాడు. బండిని గట్టి నేల మీద నిలబెట్టి, తాడు విడిచి, గుంటలో పడ్డదాన్ని దూరంనుంచే లాక్కోవచ్చు. కానీ చూడడానికి దరిద్రంగా ఉంది. ఒక పక్క సొట్ట, ఇంకో పక్క తుప్పు. మూడోది మాత్రం కొండ. ఎత్తు చక్రాలు, ఏనుగు తలంత ముందుభాగం, స్టార్టు చేస్తే దొడ్డి గోడ అదిరింది. తాడూ చుట్టా ఏమీ లేవు.

దొడ్డిలో ఉన్న ముసలాయన అడగవలసిన మాటే అడిగాడు. "ఎక్కడ లాగాల? తారు రోడ్డు మీదనా, కరిసల్ మన్ను మీదనా?"

కరిసల్ అంటే నల్లరేగడి. వాన పడితే మనిషి చెప్పు కూడా తిరిగి ఇవ్వని నేల. పాండురంగరాజా పొలాలన్నీ అదే. అయినా ఆయన కళ్లలో పొలం లేదు. బజారు ఉంది, టీ అంగడి ఉంది, పత్తిగింజలని అరిచిన నోరు ఉంది.

"తారు రోడ్డే" అన్నాడు.

"అయ్యా, మన కారు నిలిచేది ఎక్కువ పొలం బాటలోనే..." అని చెల్లప్ప నసిగాడు. "ఆ తాడు బండి..."

"మళ్లీ తాడా!" అని కసిరాడు పాండురంగరాజా. "చూసేవాళ్లకు తెలియాల, ఇది ఎవరి బండి అని. పెద్దదే ఎత్తు."

పెద్దబండి ఇంటికి వచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. అఖిలాండం హారతి ఇచ్చి, పళ్లెం కింద పెట్టి, మొగుడి వైపు తిరిగింది.

"కారు నిలిచిపోతే లాగనీకె దీన్ని కొన్నారు. బాగుంది. ఆ రోజునుంచి మీరు నిలిచిపోయినారే, మిమ్మల్ని ఎవరు లాగాల?"

ఏ విషయం చెప్పకపోయినా భార్యకు అన్నీ తెలుస్తాయి. ఆయన వినపడనట్టు లోపలికి పోయాడు.

ఐప్పసి నెల వానలు మొదలయ్యాక సౌందరరాజా ముహూర్తం మాట్లాడడానికి మళ్లీ వచ్చాడు. పొలం గట్టున ఉన్న ఇంటి దేవతకు పసుపు బట్ట పెట్టి మొక్కి, ఆ తరవాతే ముహూర్తం మాట ఎత్తడం ఆ ఇంటి ఆచారం. వాన వెలిసిన వేళ చూసి బయలుదేరారు. ముందు పెద్ద కారు, వెనక పెద్దబండి. పాండురంగరాజా కారు నడపడానికి ఇంకొకణ్ణి పెట్టి, చెల్లప్పను బండిలో కూర్చోబెట్టాడు. ఊరేగింపు లాగే పోయారు. బజారులో ఎవరూ నవ్వలేదు. ఆయన ఆ పూట చాలా రోజుల తరవాత వెనక్కి ఆనుకొని కూర్చున్నాడు.

దేవతకు మొక్కి తిరిగి వస్తుంటే పొలం బాటలో కారు దిగబడింది. ఆయనకు లోలోపల సంతోషమే అయింది. ఇందుకే గదా కొన్నది! దర్జాగా చెయ్యి ఊపాడు. పెద్దబండి గర్జిస్తూ వచ్చింది. గొలుసు కట్టారు. చెల్లప్ప దేవుణ్ణి తలుచుకొని తొక్కాడు. నాలుగు చక్రాలూ ఒకేసారి తిరిగాయి, ఒకేసారి నాలుగు గుంటలు తవ్వాయి. ఇంకా తొక్కాడు, ఇంకా దిగింది. కడుపు నేలకు ఆనుకొని, కొండంత బండి ఈనడానికి కూర్చున్న గేదెలా కూర్చుంది. కారును బయటికి తీసే మాట అటుంచి, ఇప్పుడు రెండయ్యాయి. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే అదే.

చుట్టుపక్కల ఎద్దులున్నది ఒక్కడికే. చెల్లప్ప పాండురంగరాజా ముఖం చూశాడు. ఆయన నేల చూశాడు. చెల్లప్ప చోళపురం వైపు పరిగెత్తాడు.

రామసామి రెండు జతల ఎద్దులతో వచ్చాడు. తలపాగా లేదు, భుజాన తుండు ఉంది. బాట మలుపులో సౌందరరాజాను చూశాడు. ఆగాడు. ఒక నిమిషం ఏదో గుర్తుచేసుకున్నట్టు నిలబడ్డాడు. తరవాత భుజం మీది తుండు తీసి, మెల్లగా నడుముకు చుట్టి, ముడి వేసుకొని వచ్చాడు.

"ఎద్దులు తోలుకొచ్చినాను సామీ" అన్నాడు పాండురంగరాజాతో, చేతులు కట్టుకొని.

ఎన్నడూ ఆయన్ని సామీ అన్నవాడు కాదు. పాండురంగరాజాకు ఒళ్లంతా మంట పెట్టినట్టయింది. చెంపమీద కొట్టి ఉంటే ఓర్చుకునేవాడు. నీ అబద్ధాన్ని నేను నిలబెడతాను, నీ కూతురి పెళ్లి చెడగొట్టను అని ఆ ముడి చెబుతోంది.

సౌందరరాజా కళ్లు ఆ తుండు మీదే ఉన్నాయి.

"ఏమి సంబందీ, ఆ పొద్దు ఈయన తుండు భుజాన ఉండె. ఇప్పుడు నడుముకు దిగిందే? కోప్పడినారా?" అని కాబోయే వియ్యంకుణ్ణి అడిగాడు. "నిజం చెప్తాను వినండ. మదురైలో తుండు భుజాన వేసిన పన్నెయాళును తన్నేవాళ్లను చూసినాను. ఆ పొద్దు మీ వెంట ఈయన రాజాలాగా నడిచి వచ్చినాడు. పన్నెయాళునే ఇంత మరియాదగా పెట్టుకొన్నారు, ఈ ఇంట్లో పెరిగిన పిల్ల మా ఇంటికి వస్తే చాలు అనుకొన్నాను. మీ భూమి చూసి, కారు చూసి నేను సరి అనలేదు."

పాండురంగరాజా నోరు తెరిచాడు. రామసామే అందుకున్నాడు.

"ఏమీ లేదు సామీ. వాన వస్తాదేమో, తుండు తడుస్తాదని కట్టుకొన్నాను."

ఆకాశం తేటగా ఉంది. ఆ అబద్ధం పట్టుకుంటే చాలు, ముహూర్తం కుదురుతుంది, కూతురు మదురై పోతుంది. చెయ్యి చాపితే అందేంత దగ్గరగా ఉంది. అది తనకోసం రామసామి ఆడిన అబద్ధం. దాన్ని తీసుకోవడానికి పాండురంగరాజాకు చెయ్యి రాలేదు.

"కాదు" అన్నాడు. "ఈయన మా పన్నెయాళు కాదు. రామసామి నాయకర్, సొంత భూమి ఉండే సంసారి. ఎద్దులూ ఈయనవే. ఆ పొద్దు బజారులో నవ్వినారని, మీ ముందర సిగ్గుపడి, నేనే అబద్ధం చెప్పినాను. మా ఇంట్లో పన్నెయాళ్లు తుండు నడుముకే కట్టుకొంటారు. మీరు చూసిన మరియాద మాది కాదు, ఈయనది."

చెల్లప్ప అటు తిరిగి గొలుసు సర్దుతున్నట్టు నటించాడు. వాడి నడుముకు తుండు ఉంది. అది కూడా అప్పుడే పాండురంగరాజా కంట పడింది.

సౌందరరాజా ఆయన్ని వదిలిపెట్టి రామసామి దగ్గరికి పోయాడు.

"నాయకర్‌వాళ్లు, మీరే చెప్పండ. ఈ ఇంటి పిల్లను మేము తీసుకోవచ్చునా?"

రామసామి ఎద్దు మెడ నిమిరాడు. అడిగింది కష్టమైన ప్రశ్న కాదన్నట్టు తల ఊపాడు.

"పిల్ల బంగారం. పోయిన యేడు మా ఇంటిది పంకజం పత్తి తోలుకొని వచ్చి ఫ్యాక్టరీ వాకిట్లో కళ్లు తిరిగి పడిపోయె. ఆ బిడ్డ ఒడిలో తల పెట్టుకొని నీళ్లు తాపింది. ఎవరు, ఏమి అని అడగలేదు." కాస్త ఆగి అన్నాడు. "తీసుకోండ. తండ్రిని చూసి ఎంచవద్దండ."

పాండురంగరాజా తల ఎత్తలేకపోయాడు. కూతురి పెళ్లి నిలబడిందని తెలుసు. ఎవరి మాటతో నిలబడిందో, ఆ మాటలో తన విలువెంతో కూడా తెలుసు.

కారు బయటికి వచ్చింది. ఇంజన్‌లోకి బురద నీళ్లు పోయి స్టార్టు కాలేదు. పెద్దబండిని నేల ఆరేదాకా అక్కడే వదిలేయమన్నాడు రామసామి. నడుము ముడి విప్పి, తుండుతో ఎద్దుల ముఖాల మీది బురద తుడిచి, దులిపి భుజాన వేసుకున్నాడు. ఎద్దుల వెనక కారు, నడిపేవాడు తప్ప లోపల ఎవరూ లేకుండా కదిలింది. సౌందరరాజా రామసామి పక్కన మాట్లాడుతూ నడిచాడు. పాండురంగరాజా కారు వెనక, చెల్లప్ప పక్కన నడిచాడు.

"తుండు భుజాన వెయ్యిరా" అన్నాడు చెల్లప్పతో. వాడు భయపడి వద్దన్నాడు. ఆయన మళ్లీ అడగలేదు.

బజారు వచ్చింది. టీ అంగడి ముందు జనం లేచి చూశారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. పత్తిగింజల మాట కూడా ఎవరూ ఎత్తలేదు. వియ్యంకులిద్దరూ బురద కాళ్లతో నడుస్తుంటే ఏమైందో తెలియక నోరు మూసుకున్నారు.

"రామసామి నాయకర్ ఎద్దులు!" అని గట్టిగా చెప్పాడు పాండురంగరాజా. ఆయన్ని ఎవరూ అడగలేదు. ఇంకో అంగడి ముందు మళ్లీ చెప్పాడు. ముందు నడుస్తున్న రామసామి వినే ఉంటాడు, కానీ వెనక్కి తిరిగి చూడలేదు.