బానెట్ లేని బండి

మా శ్యామ్‌సుందర్‌కి బుద్ధి లేదని నేను ఎప్పుడో తేల్చేశాను. న్యూజెర్సీలో కెమిస్టు ఉద్యోగం చేసుకునేవాడు ఎవడైనా ముప్పైల నాటి ఫోర్డు డొక్కు కొని, బానెట్ పీకేసి, పెద్ద ఇంజను బిగించి, దానికి హాట్ రాడ్ అని పేరు పెట్టుకుంటాడా? ఏళ్ల తరబడి ఆ గరాజ్‌లోనే కాపురం చేశాడు. 1984 వేసవికి బండి పూర్తయింది. అప్పటికి వాడి లివర్ నిండా కేన్సర్ పాకింది.

"రేపు హాస్పిటల్‌లో అడ్మిట్ అవ్వాలిరా యోగీ. ఈలోపు ఒక్కసారి దీన్ని డ్రైవ్ చేయాలి," అన్నాడు ఫోన్‌లో. తిరిగొస్తానని వాడూ అనలేదు, వస్తావని నేనూ అనలేదు.

నేను వెళ్లేసరికి ఇంజను దగ్గుతోంది, బండంతా వణుకుతోంది. నిన్నటిదాకా బాగానే ఉందట. వాడు దుప్పటి కప్పుకుని మడత కుర్చీలో కూర్చున్నాడు. రెంచి పట్టే ఓపిక లేదు గానీ పెత్తనానికి లోటు లేదు.

"ఒక్కో ప్లగ్ వైరూ పీకి చూడు. చప్పుడు మారకపోతే ఆ సిలిండర్ పనిచేయట్లేదన్నమాట."

"తెలుసులే, నోర్మూసుకో."

ఒక్కోసారి ఒక్కో సిలిండర్ మొరాయిస్తోంది. ప్లగ్గులు మార్చాను. కార్బురేటర్ విప్పి కడిగాను. మధ్యాహ్నం గడిచిపోతోంది, వాడి మొహం పాలిపోతోంది. నాకు ఏడుపు రావలసిన చోట కోపం వస్తోంది.

చివరికి ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీశాను. మూతకు సన్నటి పగులు, లోపలంతా తడి. వేలికి జిగటగా తగిలింది. పక్కనే కొబ్బరి పలుకు.

మనవాళ్లకి బండి బయటికి తీసేముందు పూజ చేయాలి కదా. కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు బానెట్ మీద చల్లుతాం. దీనికి బానెట్ ఏదీ? మొగుడు క్షేమంగా తిరిగిరావాలని శ్యాం భార్య ప్రమోద పొద్దున్నే లేచి, నీళ్లన్నీ ఇంజను మీదే పోసింది.

ఆవిణ్ణి పిలవబోయాను. శ్యాం నా చొక్కా పట్టుకుని లాగాడు.

"చెప్పకురా. జన్మంతా కుమిలిపోతుంది."

తుడిచి, ఆరబెట్టి, పగులుకు టేపు వేసి స్టార్ట్ చేశాను. ఇంజను హాయిగా తిరిగింది. వాడు కళ్లు మూసుకుని విన్నాడు.

"లే, పోదాం," అని చెయ్యందించాను. లేచాడు, కాళ్లు నిలవలేదు. మళ్లీ ప్రయత్నించి కుర్చీలో కూలబడ్డాడు.

"ఎత్తి పక్కసీట్లో కూర్చోబెడతాను."

"పక్కసీట్లో కూర్చోవడానికా నేనింత చేసింది? ఆపెయ్‌రా."

ఆపేశాను. చప్పుడు ఆగడంతో ప్రమోద వచ్చింది.

"ఏమైందట అన్నయ్యగారూ?"

"పాత వైరు తెగిందమ్మా."

"పోనీలెండి, బాగైందిగా. పొద్దున పూజ చేసిన వేళావిశేషం," అంది. మొగుడి భుజం మీద దుప్పటి సర్దుతూ, "హాస్పిటల్ నుంచి రాగానే ముందు నన్నే తిప్పాలి మీరు," అంది.

"నిన్నే," అన్నాడు శ్యాం.